కరక్కాయ: ఒక వగరు కాయ నేర్పే పాఠం



హౌరా స్టేషన్ నుంచి ఖరగ్‌పూర్ వైపు లోకల్ రైలు ఎక్కితే మొదట వచ్చే స్టేషన్ టికియాపారా. హుగ్లీ నదికి ఈ ఒడ్డున హౌరా, ఆ ఒడ్డున కోల్‌కతా. సికింద్రాబాద్ నుంచో చెన్నై నుంచో హౌరాకు వెళ్లే రైల్లో మీరు ఎప్పుడైనా ప్రయాణం చేసి ఉంటే టికియాపారాను కిటికీలోంచి చూసే ఉంటారు. చాలామంది దాన్ని గమనించరు. అప్పటికే అందరూ సామాన్లు సర్దుకుని తలుపు దగ్గర నిలబడి ఉంటారు.

నా చిన్నతనంలో కొన్నేళ్లు అక్కడే గడిచాయి. మా నాన్నగారిది రైల్వే ఉద్యోగం. పూజ సామాన్లు కావాలంటే మా అమ్మ నన్ను బజారులో ఉన్న ‘దశకర్మ భాండార్’కు పంపేది. బెంగాల్‌లో పూజాద్రవ్యాలు అమ్మే కొట్లను అలా పిలుస్తారు. అక్కడ ఒక డబ్బాలో ముడతలు పడిన గోధుమరంగు కాయలు ఉండేవి. కొట్టు యజమాని వాటిని ‘హరితకి’ అనేవాడు. బెంగాలీలు పూజలో వాటిని దేవుడి ముందు పెడతారు. నేను ఇంటికి తెచ్చిన కాయను చూసి మా నాయనమ్మ, “ఇది మన కరక్కాయేగా!” అంది.

ఈ పాఠంలో ఆ కరక్కాయ గురించే తెలుసుకుందాం. మన వంటింటి అలమరలో ఉండే ఈ కాయ చైనా సంప్రదాయ వైద్యంలో కూడా ఒక మందు. ఒకే కాయ ఇన్ని దేశాల వైద్యాల్లోకి ఎలా చేరింది? అందులో ఏ పదార్థాలు ఉన్నాయి? అది ఏం చేయగలదు, ఏం చేయలేదు? ఈ మూడు ప్రశ్నలకు సమాధానాలు వెతుకుదాం. మూడో ప్రశ్న చాలా ముఖ్యమైనది. ఎందుకో పాఠం మధ్యలో చెబుతాను.

చెట్టును గుర్తుపట్టడం

కరక్కాయ చెట్టు శాస్త్రీయనామం టెర్మినేలియా చెబులా. ఇది కాంబ్రిటేసి కుటుంబానికి చెందినది. మన నల్లమద్ది, తానిచెట్టు, వీధుల్లో నీడనిచ్చే బాదంచెట్టు కూడా ఈ ప్రజాతివే. లాటిన్‌లో ‘టెర్మినస్’ అంటే చివర. ఈ ప్రజాతి చెట్లలో ఆకులు కొమ్మల చివర్లలో గుంపులుగా ఉండటం వల్ల ఆ పేరు వచ్చింది. ‘చెబులా’ అనే మాట కాబూల్ నుంచి పుట్టిందని చెబుతారు. ఒకప్పుడు కాబూల్ మీదుగా పడమటి దేశాలకు వెళ్లిన కాయ కాబట్టి అక్కడివాళ్లు దానికి ఆ ఊరి పేరే పెట్టారు. అంటే చెట్టు పుట్టిన చోటును కాక, సరుకు వచ్చిన దారిని చూసి పెట్టిన పేరు ఇది.

ఈ చెట్టు ఆకురాల్చే అడవుల్లో పెరుగుతుంది. తూర్పు కనుమల్లో, తెలంగాణ అడవుల్లో మీరు దీన్ని చూడవచ్చు. వేసవిలో తెలుపు, లేత పసుపు కలిసిన చిన్న పూలు కంకులుగా పూస్తాయి. కాయ పచ్చిగా ఉన్నప్పుడు నున్నగా ఉండి, ఎండాక అయిదు గీతలు తేలి గట్టిపడుతుంది. లోపల ఒకే గింజ. మందుకు, రంగుకు వాడేది గింజ చుట్టూ ఉన్న పెచ్చును. చలికాలంలో గిరిజనులు ఈ కాయలను ఏరి, ఎండబెట్టి అమ్ముతారు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ కొనుగోలు చేసే అటవీ ఉత్పత్తుల్లో కరక్కాయ ఒకటి.

పేర్ల ప్రయాణం

సంస్కృతంలో దీని పేరు హరీతకి. పారశీకంలో ‘హలీల’ అన్నారు. చైనా పాత గ్రంథాల్లో ఇదే మాట ‘హెలిలె’గా మారింది. ఇప్పుడు చైనా వైద్యులు దాన్ని ‘హెజి’ అంటారు. టిబెట్ వైద్యంలో దీని పేరు ‘అరుర’. టిబెట్ చిత్రాల్లో వైద్య బుద్ధుడి కుడిచేతిలో కనిపించే మొక్క ఇదే.

ఈ పేర్లను పక్కపక్కన పెట్టి పైకి చదవండి. హలీల, హెలిలె. రెండో పేరు మొదటిదాని ప్రతిధ్వనిలా ఉంది కదా! ఒక దేశంలో సొంతంగా ఉన్న వస్తువుకు ఆ దేశపు భాషలో సొంత పేరు ఉంటుంది. బయటి నుంచి వచ్చిన వస్తువుతోపాటు దాని పేరు కూడా వస్తుంది. మనం ‘కాఫీ’ అన్నట్టే చైనావాళ్లు ‘హెలిలె’ అన్నారు. పేరును చూసి సరుకు ప్రయాణాన్ని ఊహించవచ్చని దీన్నిబట్టి తెలుస్తుంది.

టాంగ్ రాజవంశం కాలంలో, క్రీ.శ. 659లో, ప్రభుత్వమే పూనుకుని తయారుచేయించిన ఔషధ గ్రంథంలో ఈ కాయ ఉంది. జపాన్‌లోని నారా నగరంలో 756లో తోదాయిజీ ఆలయానికి రాజకుటుంబం సమర్పించిన 60 మందుల జాబితాలో కూడా ఇది ఉంది. దక్షిణాసియా అడవిలో రాలిన కాయ జపాన్ రాజభాండాగారం దాకా వెళ్లిందన్నమాట.

ఈ దారిలో నడిచిన ఒక మనిషిని మీకు పరిచయం చేస్తాను. ఆయన చైనా బౌద్ధ భిక్షువు ఇత్సింగ్. 673లో ఆయన సముద్రమార్గాన వచ్చి తామ్రలిప్తి రేవులో దిగాడు. తామ్రలిప్తి అంటే ఇప్పటి తామ్‌లుక్. టికియాపారాలో హల్దియా లోకల్ ఎక్కితే దారిలో వస్తుంది. ఇత్సింగ్ తరువాత నలందాలో చాలా ఏళ్లు చదువుకున్నాడు. భారతదేశపు ఆచారాల గురించి ఆయన రాసిన గ్రంథంలో ఇక్కడి వైద్యం గురించి కూడా రాశాడు. అందులో హరీతకి ప్రస్తావన ఉంది.

కాకినాడ నుంచి శిబ్‌పూర్ వరకు

ఇప్పుడు వెయ్యేళ్లు దాటి 18వ శతాబ్దంలోకి వద్దాం. యోహాన్ గెర్హార్డ్ కోనిగ్ అనే వైద్యుడు 1768లో తరంగంబాడికి వచ్చాడు. ఆయన లినేయస్ శిష్యుడు. మొక్కలకు రెండు మాటల లాటిన్ పేర్లు పెట్టే పద్ధతిని స్థిరపరిచింది లినేయసే అని మీరు చదువుకున్నారు. కోనిగ్ దక్షిణ భారతదేశమంతా తిరిగి మొక్కలు సేకరించి యూరప్‌లోని శాస్త్రవేత్తలకు పంపాడు. వాటిని పరిశీలించి పేర్లు ప్రకటించినవాళ్లలో స్వీడన్‌కు చెందిన రెట్జియస్ ఒకడు. కరక్కాయ శాస్త్రీయనామం చివర ‘రెట్జ్’ అని సంక్షిప్తంగా రాసేది ఈయన పేరునే.

కోనిగ్ చివరి రోజులు మన తీరంలోనే గడిచాయి. 1785 జూన్‌లో కాకినాడ దగ్గరి జగన్నాథపురంలో ఆయన జిగట విరేచనాలతో మరణించాడు. ఆ సమయంలో ఆయనకు చికిత్స చేసిన వైద్యుడు విలియం రాక్స్‌బర్గ్. అప్పట్లో రాక్స్‌బర్గ్ సామర్లకోటలో ఉండేవాడు. అక్కడ మిరియాలు మొదలైన మొక్కలతో ప్రయోగాలు చేసేవాడు. స్థానిక చిత్రకారులతో మొక్కల బొమ్మలు గీయించేవాడు. ఆ బొమ్మలతోనే 1795 నుంచి ‘కోరమాండల్ తీరపు మొక్కలు’ అనే గొప్ప గ్రంథం వెలువడింది.

1793లో రాక్స్‌బర్గ్ కలకత్తా వృక్షోద్యానానికి అధిపతిగా వెళ్లాడు. 1787లో మొదలైన ఆ ఉద్యానం పేరు కలకత్తాదే కానీ ఉన్నది మాత్రం నదికి ఇవతల, హౌరాలోని శిబ్‌పూర్‌లో. 2009లో దానికి ఆచార్య జగదీశ్ చంద్ర బోస్ పేరు పెట్టారు. మా బడి నుంచి మమ్మల్ని అక్కడికే విహారయాత్రకు తీసుకెళ్లేవారు. అందరూ పెద్ద మర్రిచెట్టును చూస్తుంటే నేను సామర్లకోట నుంచి వచ్చిన మనిషి గురించి ఆలోచించి ఉంటే ఎంత బాగుండేది! అప్పుడు నాకు ఆ సంగతి తెలియదు. మీకు ఇప్పుడు తెలిసింది.

ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. కోనిగ్ మంచి వైద్యుడు. రాక్స్‌బర్గ్ కూడా మంచి వైద్యుడు. ఇద్దరికీ మన మొక్కలు, వాటి ఉపయోగాలు బాగా తెలుసు. విరేచనాలకు వాడే కరక్కాయ దొరికే నేల మీదే ఉన్నారు. అయినా కోనిగ్ బతకలేదు. దీనికి మళ్లీ వద్దాం.

వగరు అంటే ఏమిటి?

ఎండిన కరక్కాయ ముక్కను నోట్లో వేసుకోండి. మొదట వగరు. నాలుక ఆరిపోయినట్టు, బుగ్గలు లోపలికి లాక్కున్నట్టు ఉంటుంది. కాసేపయ్యాక మంచినీళ్లు తాగితే తియ్యగా అనిపిస్తుంది. ఉప్పు తప్ప మిగతా అయిదు రుచులూ కరక్కాయలో ఉన్నాయని ఆయుర్వేదం చెబుతుంది.

తీపి, పులుపు, చేదు, ఉప్పులను నాలుక మీది రుచి కణాలు గుర్తిస్తాయి. వగరులో మాత్రం స్పర్శకు పెద్ద పాత్ర ఉంది. మన లాలాజలంలో కొన్ని ప్రోటీన్లు ఉంటాయి. అవి నోటిని జారుడుగా ఉంచుతాయి. కరక్కాయలో టానిన్లు అనే పదార్థాలు ఉంటాయి. ఎండిన పెచ్చు బరువులో ఇవి సుమారు 30 శాతం. టానిన్ అణువు పెద్దది. దాని చుట్టూ అనేక హైడ్రాక్సిల్ సమూహాలు ఉంటాయి. అవి ఒకేసారి రెండు మూడు ప్రోటీన్ అణువులను హైడ్రోజన్ బంధాలతో పట్టుకుంటాయి. అలా పట్టుబడిన ప్రోటీన్లు ముద్దలై విడిపోతాయి. నోట్లో జారుడుతనం పోతుంది. నాలుక, బుగ్గలు ఒకదానితో ఒకటి రాపిడి చెందుతాయి. ఆ గరుకుతనాన్నే మనం వగరు అంటున్నాం. పచ్చి అరటికాయ, నేరేడుపండు, డికాక్షన్ ఎక్కువైన టీ, వక్క అన్నింటిలోనూ ఇదే జరుగుతుంది.

టానిన్లు రెండు రకాలు. నీటితో చర్య జరిపి విడిపోయేవి ఒక రకం. గట్టిగా గొలుసుకట్టుగా ఉండి అలా విడిపోనివి రెండో రకం. వక్కలో ఉండేవి రెండో రకం. కరక్కాయలో ఉండేవి మొదటి రకం. వాటిలో చెబులాజిక్ ఆమ్లం, చెబులినిక్ ఆమ్లం ముఖ్యమైనవి. అవి విడిపోతే గాలిక్ ఆమ్లం, ఎల్లాజిక్ ఆమ్లం వంటి చిన్న అణువులు వస్తాయి.

ఒకే అణువు, ఎన్నో పనులు

‘ప్రోటీన్‌ను పట్టుకుంటుంది’ అన్న ఒక్క మాట అర్థమైతే కరక్కాయ ఉపయోగాలు చాలావరకు మీరే ఊహించగలరు.

పచ్చి తోలు కుళ్లిపోతుంది. అందులోని కొల్లాజెన్ అనే ప్రోటీన్‌ను బ్యాక్టీరియా తినేస్తాయి. టానిన్ ద్రావణంలో నానబెడితే కొల్లాజెన్ పోగులు ఒకదానితో ఒకటి ముడిపడి, తోలు చెడకుండా నిలుస్తుంది. అందుకే చర్మశాలలకు కరక్కాయ వందల ఏళ్లుగా ముఖ్యమైన సరుకు. కోల్‌కతాలోని టాంగ్రాలో చైనా నుంచి వచ్చిన హక్కా కుటుంబాలు 20వ శతాబ్దంలో చర్మశాలలు నడిపాయి. నది కలుషితమవుతోందని 1996లో సుప్రీంకోర్టు వాటిని ఊరి బయటికి తరలించమని ఆదేశించింది. తరువాత బాంతలాలో తోలు పరిశ్రమల సముదాయం వచ్చింది.

ఇక కలంకారీ. శ్రీకాళహస్తిలో, మచిలీపట్నం దగ్గరి పెడనలో బట్టను ముందుగా కరక్కాయ కషాయంలో తడుపుతారు. కొన్నిచోట్ల పాలు కూడా కలుపుతారు. బట్ట లేత పసుపురంగులోకి మారుతుంది. బెల్లం, తుప్పుపట్టిన ఇనుము నీళ్లలో కొన్ని వారాలు పులియబెట్టిన ద్రవంతో ఆ బట్టపై గీత గీస్తే అది నల్లగా మారుతుంది. ఆ నలుపు కలంలో లేదు, బట్టలోనూ లేదు. బట్టలోని టానిన్, ద్రవంలోని ఇనుము కలిసినప్పుడే పుడుతుంది. గాలి తగిలేకొద్దీ ఇనుము ఆక్సీకరణం చెంది నలుపు చిక్కనవుతుంది. పాలలోని కొవ్వు రంగు అటూ ఇటూ పాకకుండా ఆపుతుంది. పాత కాలపు రాతసిరాల్లో చాలా వాటి రహస్యం కూడా ఇదే.

ఒకే కాయ, రెండు వైద్యాలు

ఆయుర్వేదంలో కరక్కాయ, తానికాయ, ఉసిరికాయ కలిపితే త్రిఫల. కరక్కాయ చూర్ణాన్ని సాధారణంగా మలబద్ధకానికి, జీర్ణశక్తికి ఇస్తారు. చైనా వైద్యంలో ‘హెజి’ని ఎక్కువకాలంగా పట్టుకున్న విరేచనాలకు, ఎక్కువకాలంగా వదలని దగ్గుకు, బొంగురుపోయిన గొంతుకు ఇస్తారు. విరేచనాలకైతే వేయించి వాడతారు. గొంతుకైతే పచ్చిగానే, అంటే వేయించకుండా వాడతారు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది, గమనించారా? ఒకరు విరేచనం సాఫీగా కావడానికి ఇస్తున్నారు. ఇంకొకరు విరేచనాలు ఆగడానికి ఇస్తున్నారు. రెండూ ఒకే కాయ! దీన్నిబట్టి ‘ఫలానా కాయ ఫలానా జబ్బుకు మందు’ అన్న వాక్యం అసంపూర్ణమని తెలుస్తుంది. ఎంత మోతాదు, ఎంత పండిన కాయ, ఎలా తయారుచేశారు, ఎవరికి ఇచ్చారు అన్నవి చెప్పకుండా ఆ వాక్యానికి అర్థం లేదు. వేడిచేస్తే కాయలోని పదార్థాల పాళ్లు మారతాయి. ఈ సంగతిని పాతకాలపు వైద్యులు రసాయనశాస్త్రం లేకుండానే గమనించారు. వారి పరిశీలనను మనం గౌరవించాలి. అయితే గౌరవించడం, పరీక్షించకుండా నమ్మడం ఒకటి కాదు.

ప్రయోగశాలల్లో కరక్కాయ రసం అనేక రకాల బ్యాక్టీరియా పెరుగుదలను తగ్గించినట్టు ఫలితాలు ఉన్నాయి. ఈ మాట విన్నప్పుడు మీరు ఒక ప్రశ్న అడగాలి: గాజుపళ్లెంలోనా, మనిషిలోనా? గాజుపళ్లెంలో టానిన్ నేరుగా బ్యాక్టీరియా మీద పడుతుంది. మనం మింగిన టానిన్ చాలావరకు రక్తంలోకి ఆ రూపంలో వెళ్లదు. అణువు పెద్దది కావడమే కారణం. పేగుల్లోని బ్యాక్టీరియా దాన్ని యూరోలిథిన్లు మొదలైన చిన్న అణువులుగా విడగొడతాయి. కాబట్టి పళ్లెంలో జరిగినదే ఊపిరితిత్తుల్లో జరుగుతుందని అనుకోవడానికి వీల్లేదు.

దగ్గు తగ్గింది, జబ్బు తగ్గలేదు

మూడో ప్రశ్న ఎందుకు ముఖ్యమో ఇప్పుడు చెబుతాను.

టికియాపారాలో మా పక్క క్వార్టర్‌లో శ్రీకాకుళం నుంచి వచ్చిన ఒక కుటుంబం ఉండేది. ఆయన్ని నేను బాబాయి అని పిలిచేదాన్ని. ఒక చలికాలం ఆయనకు దగ్గు పట్టుకుంది. మా నాయనమ్మే కరక్కాయ ముక్క బుగ్గన పెట్టుకోమని చెప్పింది. ఆయన పెట్టుకున్నారు. దగ్గు తగ్గింది. మధ్యలో మళ్లీ వచ్చేది. మళ్లీ ముక్క బుగ్గన పెట్టుకునేవారు. మళ్లీ తగ్గేది. ఇలా మూడు నెలలు గడిచాయి. మనిషి బరువు తగ్గిపోయారు. సాయంత్రమయ్యేసరికి జ్వరం వచ్చేది. చివరికి ఒకరోజు కళ్లెలో రక్తం కనిపిస్తే ఆస్పత్రికి వెళ్లారు. అది క్షయ.

మందులు వాడి బాబాయి కోలుకున్నారు. కానీ ఆ మూడు నెలల్లో ఆయన కూతురికీ క్షయ సోకింది. ఆ అమ్మాయి నా తరగతిలోనే చదివేది. ఆమె కూడా కోలుకుంది కానీ ఒక ఏడాది చదువు పోయింది. నేను తొమ్మిదిలోకి వెళ్లాను, ఆమె ఎనిమిదిలో ఉండిపోయింది. మా నాయనమ్మ ఆ తరువాత ఎవరికీ కరక్కాయ గురించి చెప్పలేదు.

ఇందులో మా నాయనమ్మ తప్పు ఏమిటి? ఆమె చెప్పింది అబద్ధం కాదు. కరక్కాయ చప్పరిస్తే లాలాజలం ఊరుతుంది. మంటపుట్టిన గొంతు పొర మీది ప్రోటీన్లను టానిన్ పట్టుకుని ఒక పలుచని పూతలా చేస్తుంది. గొంతులో గీర తగ్గుతుంది. దగ్గు నిజంగానే కొంత తగ్గుతుంది. కరక్కాయ తన పని తాను చేసింది. కానీ క్షయ సూక్ష్మజీవి ఉన్నది గొంతులో కాదు, ఊపిరితిత్తుల్లో. 1882లో రాబర్ట్ కోక్ ఆ సూక్ష్మజీవిని కనుగొన్నట్టు ప్రకటించాడు. మైనపు వంటి పొరతో ఉండే ఆ జీవిని చంపడానికి అనేక మందులను కలిపి నెలల తరబడి ఇవ్వాలి. గొంతు మీది పూత దాన్ని తాకనైనా తాకదు.

కరక్కాయ అసలు పనిచేయకపోయి ఉంటే బాబాయి వారం రోజుల్లోనే ఆస్పత్రికి వెళ్లేవారు. కొంత పనిచేసింది కాబట్టే మూడు నెలలు ఆలస్యమైంది. లక్షణం తగ్గడం వేరు, జబ్బు తగ్గడం వేరు. ఈ పాఠంలో మీరు ఒక్క వాక్యమే గుర్తుపెట్టుకుంటే ఇదే గుర్తుపెట్టుకోండి. రెండు వారాలు దాటినా దగ్గు తగ్గకపోతే కళ్లె పరీక్ష చేయించుకోవాలి. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో క్షయకు పరీక్ష, మందులు ఉచితం. ఇంట్లో పెద్దవాళ్లకు ఈ సంగతి చెప్పవలసింది మీరే.

కోనిగ్‌కు దొరకనిది

ఇప్పుడు కోనిగ్ దగ్గరికి తిరిగి వద్దాం. 1785లో జిగట విరేచనాలకు కారణం ఎవరికీ తెలియదు. షిగెల్లా బ్యాక్టీరియాను జపాన్ శాస్త్రవేత్త కియోషి షిగా 1890ల చివర్లో కనుగొన్నాడు. విరేచనాల్లో మనిషిని త్వరగా దెబ్బతీసేది చాలాసార్లు శరీరంలోంచి నీరు, లవణాలు పోవడమేనని కూడా అప్పటికి స్పష్టంగా తెలియదు.

దానికి జవాబు దొరికిన చోట్లలో బెంగాల్ ఒకటి. 1971లో తూర్పు పాకిస్తాన్ నుంచి లక్షలాది శరణార్థులు సరిహద్దు దాటి వచ్చారు. బన్‌గావ్ శిబిరంలో కలరా వ్యాపించింది. నరంలోకి ఎక్కించే సెలైన్ సరిపోలేదు. డాక్టర్ దిలీప్ మహలనబీస్ ఉప్పు, సోడా, గ్లూకోజ్ కలిపిన నీటిని డ్రమ్ముల్లో తయారుచేయించి రోగుల చేత తాగించాడు. అంతకుముందు 30 శాతం దాకా ఉన్న మరణాలు 3.6 శాతానికి తగ్గాయి. చిన్నపేగుల్లో గ్లూకోజ్ అణువు లోపలికి వెళ్లేటప్పుడు సోడియంను కూడా తనతో తీసుకెళుతుంది. ఆ రెంటి వెనకే నీరు వెళుతుంది. కలరా సోకినప్పుడు కూడా ఈ ద్వారం మూసుకోదు. ఇప్పుడు మనం ఓఆర్ఎస్ అంటున్నది దీన్నే. మహలనబీస్ 2022లో కన్నుమూశారు. 2023లో ఆయనకు మరణానంతరం పద్మవిభూషణ్ ప్రకటించారు.

కాబట్టి ఇంట్లో చిన్నపిల్లలకు విరేచనాలు పట్టుకుంటే మొదట వెతకవలసింది ఓఆర్ఎస్ పొట్లం. అది లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలపండి. చెంచా అంటే టీ చెంచా, తలకొట్టి కొలవాలి. రక్తం పడితే, పిల్లవాడు సొమ్మసిల్లితే ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి.

సంప్రదాయం నుంచి మందు ఎలా వస్తుంది?

ఇదంతా చదివి సంప్రదాయ వైద్యంలో పస లేదని మీరు అనుకుంటే అది కూడా తొందరపాటే. చైనాలో 1967లో మలేరియాకు మందు కనుక్కోవడానికి ఒక పెద్ద ప్రయత్నం మొదలైంది. తు యూయూ అనే శాస్త్రవేత్త తన బృందంతో పాత వైద్యగ్రంథాలను గాలించారు. 4వ శతాబ్దానికి చెందిన గె హాంగ్ రచనలో జ్వరానికి ‘చింగ్‌హావ్’ అనే మొక్కను నీటిలో నానబెట్టి పిండి రసం తాగాలని ఉంది. మరిగించమని లేదు. వేడికి అసలు మందు పాడైపోతోందేమోనని ఆమెకు తట్టింది. తక్కువ వేడికే ఆవిరయ్యే ఈథర్‌తో రసం తీశారు. 1971లో ఆ రసం ఎలుకల్లో, కోతుల్లో మలేరియా పరాన్నజీవిని పూర్తిగా తొలగించింది. రోగులకు ఇచ్చేముందు ఆమె, సహచరులు తామే తాగి చూశారు. తరువాత అందులోంచి ఆర్టెమిసినిన్ అణువును విడిగా తీశారు. 2015లో ఆమెకు నోబెల్ బహుమతి లభించింది.

ఇక్కడ సంప్రదాయం దారి చూపింది, ప్రయోగం రుజువు చేసింది. పాత గ్రంథాల్లో ఇంకెన్నో మొక్కలు ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం పరీక్షలో నిలబడలేదు. నిలబడినదాన్నే మనం మందు అంటున్నాం.

పేరు తప్పితే ప్రాణానికి ముప్పు

బిర్యానీలో వేసే అనాసపువ్వు నిజానికి పువ్వు కాదు, ఒక చైనా చెట్టు కాయ. ఇల్లిసియం వీరం దాని పేరు. అందులోని షికిమిక్ ఆమ్లం నుంచి ఫ్లూ మందు ఓసెల్టామివిర్‌ను తయారుచేశారు. దాని జపాన్ బంధువు ఇల్లిసియం అనిసాటం చూడటానికి అచ్చం అలాగే ఉంటుంది. అందులో అనిసాటిన్ అనే విషం ఉంది. అది ఫిట్స్ తెప్పిస్తుంది. పొరపాటున కలిసిన టీ తాగి పిల్లలు జబ్బుపడటంతో 2003లో అమెరికా ప్రభుత్వం హెచ్చరిక జారీచేసింది.

1990ల మొదట్లో బెల్జియంలో బరువు తగ్గడానికి చైనా మూలికలు వాడిన 100 మందికి పైగా స్త్రీలకు మూత్రపిండాలు పాడయ్యాయి. ఒక మూలికకు బదులు దాదాపు అదే చైనా పేరున్న అరిస్టలోకియా అనే మరో మూలిక కలవడం అందుకు కారణం. అందులోని అరిస్టలోకిక్ ఆమ్లం క్యాన్సర్‌ను కూడా కలిగిస్తుంది. ఇప్పుడు అర్థమైందా, లాటిన్ పేర్లను బట్టీపట్టమని మీ మాస్టారు ఎందుకు చెబుతారో? ఊరికొక పేరున్న మొక్కకు ప్రపంచమంతా ఒకే పేరు ఉండటం ప్రాణాలు కాపాడే విషయం.

కరక్కాయకు కూడా కొన్ని జాగ్రత్తలు ఉన్నాయి. టానిన్ కలంకారీ బట్టలో ఇనుమును పట్టుకున్నట్టే మన అన్నంలోని ఇనుమును కూడా పట్టుకుంటుంది. అప్పుడు అది ఒంటికి పట్టదు. రక్తహీనతకు ఐరన్ మాత్రలు వేసుకునే అమ్మాయిలు వాటిని టీతోగానీ కరక్కాయ కషాయంతోగానీ వేసుకోకూడదు. గర్భిణులు, పసిపిల్లలు, మధుమేహానికి మందులు వాడేవాళ్లు వైద్యుణ్ని అడగకుండా ఏ చూర్ణమూ వాడకూడదు.

మీరే చేసి చూడండి

1. రెండు కరక్కాయల పెచ్చును నలగ్గొట్టి ఒక గ్లాసు నీళ్లలో రాత్రంతా నానబెట్టి వడకట్టండి. వేరే గిన్నెలో తుప్పుపట్టిన మేకులను వెనిగర్‌లో రెండు రోజులు ఉంచండి. రెండు ద్రవాలను కొద్దికొద్దిగా కలపండి. వచ్చిన రంగుతో కాగితంపై మీ పేరు రాయండి. వెంటనే ఎలా ఉంది? మర్నాటికి ఎలా మారింది? ఈ ద్రవాలను రుచి చూడకండి.

2. కరక్కాయ నీటిలో కొంచెం కోడిగుడ్డు తెల్లసొన కలపండి. ఏం జరిగింది? మీ నోట్లో జరిగినదానితో పోల్చండి.

3. పై రెండో ప్రయోగాన్ని టీ డికాక్షన్‌తో, పచ్చి అరటికాయ రసంతో చేసి, ఏది ఎక్కువ విరిగిందో రాసుకోండి.

ఆలోచించండి

మీ ఇంట్లో వాడే ఒక చిట్కా వైద్యాన్ని తీసుకోండి. అది లక్షణాన్ని తగ్గిస్తుందా, జబ్బును తగ్గిస్తుందా? మీకెలా తెలిసింది? అది నిజంగా పనిచేస్తుందో లేదో తేల్చడానికి ఎంతమందికి ఇవ్వాలి, ఎవరితో పోల్చాలి, ఎన్నాళ్లు చూడాలి? ఒక పేజీలో రాయండి. రాశాక మీ నాయనమ్మకో అమ్మమ్మకో చదివి వినిపించండి. వాళ్లకు తెలిసినవి చాలా ఉంటాయి. మీరు చదువుకున్నదాన్ని వాళ్లకు చెప్పండి, వాళ్లు గమనించినవి మీరు అడిగి తెలుసుకోండి. టికియాపారాలో మా ఇంట్లో ఆ మాటలు మూడు నెలలు ఆలస్యంగా జరిగాయి.